పనిచేయు చోట పదిమంది మాట

సాయంకాలము పని ముగించుకొని ఇల్లు చేరినవారి నోట వెలువడు మొదటి మాటలను మీరెప్పుడైనను గమనించితిరా? త్రాగునీటి తొట్టిని వారము దినములుగా కడుగలేదనియో, నూలుధూళితో ఊపిరాడుట లేదనియో, యంత్రమునకు అడ్డుగా నుండవలసిన కంచె ఊడిపోయి చేయి చాచుటకే భయమగుచున్నదనియో, రాత్రి షిఫ్టు ముగించిన స్త్రీలకు ఇల్లు చేరుటకు బండి లేదనియో ఆ మాటలుండును. ఇంటిలో తల్లి వినును, భార్య వినును, పొరుగువారును విందురు. వినవలసినవారు మాత్రము వినరు. అందుచేత వారు కఠినహృదయులని తలంపనక్కరలేదు. ఆ మాట వారి చెవి వరకు పోవుటకు దారి లేకపోవచ్చును. అడగనిదే అమ్మయైనను పెట్టదని మన పెద్దలందురు. అడుగుటకు నోరు కావలెను. ఆ నోరు విప్పుటకు ఒక చోటును కావలెను.

అట్టి చోటును కల్పింపవలెనను ప్రయత్నమునకు నూరేండ్లు దాటినవి. యజమాని పక్షమువారును పనివారి పక్షమువారును ఒకే బల్ల చుట్టు కూర్చుండి మాటలాడుకొను ఉభయపక్ష సమితికి వర్క్స్ కమిటీయని పేరు. అది ఎచ్చట రూపొందెను, మన దేశమునకెట్లు వచ్చెను, అందు ఎవరికి పీట దొరకెను, ఎవరు గుమ్మము వెలుపలనే నిలిచిపోయిరి అను విషయములను ఈ ప్రసంగములో విచారింతము.

మన దేశమున మిల్లులు వెలసిన తొలి దినములలో పనివానికి తెలిసిన ప్రభువు మేస్త్రీయే. పనిలో చేర్చువాడు అతడే, తీసివేయించువాడును అతడే. మామూలు పుచ్చుకొనువాడును తరచుగా అతడే. దొర దగ్గరకు పోవు అర్జీ సైతము అతని చేతి మీదుగానే పోవలసియుండెను. అర్జీ పనికిరానినాడు మిగిలినది సమ్మె యొక్కటే. మౌనమునకును సమ్మెకును నడుమ మూడవ మార్గము లేకుండెను. మదరాసు నగరమున పెరంబూరు ప్రాంతపు బకింగుహాము, కర్నాటికు మిల్లుల పనివారికి మధ్యాహ్నము అన్నము తినుటకిచ్చు విరామము చాలకుండెను. సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అను ఇరువురు వ్యాపారులు వారి కష్టములను బి. పి. వాడియా గారి దృష్టికి తెచ్చిరి. తత్ఫలితముగా 1918 ఏప్రిల్ 27వ తేదీన మదరాసు లేబరు యూనియన్ స్థాపితమయ్యెను. భారతదేశమున క్రమపద్ధతిని నడచిన తొలి కార్మిక సంఘములలో అది ముఖ్యమైనది. ఆ సంఘపు మొదటి మొరలలో నొకటి భోజన విరామమునకు సంబంధించినదగుట గమనింపదగిన విషయము. కూడు తినుటకు మరికొన్ని నిమిషములు కావలెనని చెప్పుకొనుటకును ఆనాడు ఒక సంఘము పుట్టవలసివచ్చెను.

అదే కాలమున ఇంగ్లండులోను ఈ సమస్యయే వేరొక రూపమున తలయెత్తెను. మొదటి ప్రపంచయుద్ధము సాగుచుండెను. యుద్ధసామగ్రి తయారుచేయు కర్మాగారములలో అశాంతి ప్రబలెను. అప్పుడు 1916లో ప్రభుత్వము ఒక ఉపసంఘమును నియమించెను. దాని అధ్యక్షుడు జె. హెచ్. విట్లీ. ఈయన హాలిఫాక్సు పట్టణమున నూలు వడకు మిల్లుదారుల వంశమున పుట్టినవాడు. ఆ పట్టణము పక్షమున పార్లమెంటు సభ్యుడు. 1917లో వెలువడిన వారి తొలి నివేదిక మూడంతస్తుల ఏర్పాటును సూచించెను. దేశమంతటికి ఒక్కొక్క పరిశ్రమకు ఒక ఉభయపక్ష మండలి, దాని క్రింద జిల్లా మండలులు, వాని క్రింద ఒక్కొక్క కర్మాగారమునకు ఒక సమితి. జీతముల తగవులను తీర్చుట మాత్రమే కాక, పని నడచు తీరును గూర్చి పనివారితో నిత్యము సంప్రదించుట ఈ సమితుల ఉద్దేశము.

ఈ సూచన అన్నిచోట్ల ఫలించినదని చెప్పరాదు. బొగ్గు, నూలు, ఇంజనీరింగు వంటి పెద్ద పరిశ్రమలు దానిని స్వీకరింపలేదు. కాని ప్రభుత్వోద్యోగులలో అది గట్టిగా వేరూనెను. 1919లో బ్రిటిషు సివిలు ఉద్యోగులకు ఏర్పడిన మండలికి విట్లీ మండలియనియే పేరు వచ్చెను. రేడియో శ్రోతలకు విట్లీ గారిని గూర్చి మరియొక సంగతి చెప్పవలెను. పార్లమెంటులో కామన్సు సభకు 1921 మొదలు 1928 వరకు స్పీకరుగా నుండి విరమించిన ఆయన, 1930 నుండి 1935లో మరణించు వరకు బి. బి. సి. పాలకమండలికి అధ్యక్షుడుగా నుండెను. పదిమంది మాటను ఒకచోట చేర్చు పనియే ఆయన జీవితమంతయు చేసెనని చెప్పవచ్చును.

మన దేశమునకు తిరిగి వత్తము. మదరాసులో 1921వ సంవత్సరమున నెలల తరబడి సాగిన సమ్మెతో కార్మిక సంఘము బలము తగ్గిపోయెను. ఆ మరుసటి సంవత్సరము, అనగా 1922లో, బకింగుహాము, కర్నాటికు మిల్లులలో యాజమాన్యము ఒక వర్క్స్ కమిటీని నెలకొల్పెను. మన దేశమున ఇట్టి సమితులలో ఇది తొలివానిలో నొకటి. నీరు, గాలి, భోజనశాల, వైద్యము మున్నగు విషయములు చర్చించుటకు అందు అవకాశము కలిగెను. ఇది మేలే. అయినను సంఘము నీరసించిన వెంటనే యాజమాన్యము చేతనే సమితి పుట్టుటచే, సంఘమునకు బదులుగా దీనిని తెచ్చి నిలిపిరేమో యను శంక పనివారికి కలుగుట సహజము. సమితి మంచిదా కాదా యను ప్రశ్నకు ముందే, అది ఎవరిది యను ప్రశ్న పుట్టెను. ఆ ప్రశ్న నేటికిని మనలను విడువలేదు.

1929లో భారతదేశపు కార్మిక పరిస్థితులను విచారించుటకు ఒక రాయల్ కమిషను నియమితమయ్యెను. దానికి అధ్యక్షుడు మరెవరో కాదు, ఆ విట్లీయే. అందు ఎన్. ఎం. జోషి వంటి కార్మిక నాయకులును, మిల్లుల యజమానులును ఉండిరి. సభ్యులలో ఒక స్త్రీ, బెరిల్ పవర్, కూడ ఉండెను. గనులలో, తోటలలో, మిల్లులలో వేలకొలది స్త్రీలు పనిచేయుచున్న దేశమున విచారణ జరుపు సభలో స్త్రీ యొకతె యుండుట ఆ కాలమునకు చిన్న విషయము కాదు. 1931లో వెలువడిన కమిషను నివేదిక వర్క్స్ కమిటీలను బలపరచెను. అవి కార్మిక సంఘములకు పోటీగా నిలువరాదనియు, సంఘమున్న చోట దాని సహకారముతోనే నడువవలెననియు తలంచెను. మదరాసు అనుభవము నేర్పిన పాఠమును ఈ సలహాలో చూడవచ్చును.

ఈ విషయమున మన తెలుగువారి పాలు కూడ కలదు. బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులను కూడగట్టిన వి. వి. గిరి గారు 1937లో మదరాసు రాష్ట్ర మంత్రివర్గమున కార్మిక శాఖను చేపట్టిరి. 1952 నుండి 1954 వరకు కేంద్ర కార్మిక మంత్రిగా నుండిరి. ఆ రైల్వే ముఖ్య కేంద్రములలో నొకటైన ఖరగపూరులో వేలాది తెలుగు కుటుంబములు స్థిరపడినవి. తగవును న్యాయస్థానమునకు ఈడ్చుటకంటె ఇరుపక్షములు తమలో తాము మాటలాడుకొని తీర్చుకొనుటయే మేలని గిరి గారి నిశ్చితాభిప్రాయము. పైవాడు ఇచ్చిన తీర్పులో ఒకరు గెలిచి ఒకరు ఓడుదురు. మరునాడు ఆ యిరువురును ఒకే కప్పు క్రింద పనిచేయవలసినవారే కదా!

1947 ఏప్రిల్ 1వ తేదీన అమలులోకి వచ్చిన పారిశ్రామిక వివాదముల చట్టము వర్క్స్ కమిటీలకు మొదటిసారిగా దేశవ్యాప్తమైన శాసన బలమునిచ్చెను. నూరుగురు లేక అంతకుమించిన పనివారున్న సంస్థలలో సమితి నేర్పరచుమని ప్రభుత్వము ఆదేశింపవచ్చును. పనివారి ప్రతినిధుల సంఖ్య యజమాని ప్రతినిధుల సంఖ్యకు తగ్గరాదు. సఖ్యమును పెంపొందించుట, ఉభయులకు సంబంధించిన విషయములపై అభిప్రాయము చెప్పుట, భేదములను సమాధానపరచుటకు యత్నించుట, ఇవి సమితి విధులు. 1957 నాటి కేంద్ర నియమములు ఇంకను సూక్ష్మములలోనికి దిగెను. సభ్యులు ఇరువదిమందికి మించరాదు. పదునెనిమిదేండ్లు నిండి ఆరు నెలలు ఎడతెగక పనిచేసినవారికి ఓటు కలదు. పందొమ్మిదేండ్లు నిండి ఒక సంవత్సరము పనిచేసినవారు అభ్యర్థులుగా నిలువవచ్చును. మూడు నెలలకు ఒకమారైనను సమావేశము జరుగవలెను. సమావేశము సాధారణముగా పనివేళలలోనే జరుగవలెను. అందుకు హాజరైన పనివాడు పనిలో నున్నట్లే లెక్క.

ఈ చివరి నియమము చూచుటకు చిన్నది, విలువకు చాల పెద్దది. ఎనిమిది గంటలు మగ్గము దగ్గర నిలిచి అలసినవానిని, జీతము లేని వేళలో సభకు రమ్మనినచో ఎంతమంది రాగలరు? ఇంటికడ పసిబిడ్డ నుంచి వచ్చిన తల్లి రాగలదా? సమితిలో ఎవరు కూర్చుందురన్నది ఓటుచేత మాత్రమే కాక గడియారముచేత కూడ నిర్ణయమగును.

అయితే ఆ నియమములలోనే కొరతలును ఉండెను. అధ్యక్షుని యజమానియే నియమించును. పనివారికి ఉపాధ్యక్ష పదవి దక్కెను. ఆరు నెలలు నిండని తాత్కాలికపు పనివానికి ఓటు లేదు. సమితి చెప్పినది సలహా మాత్రమే. దీనికి తోడు, ఏ విషయములు సమితి ముందుకు రావచ్చునను సందేహము ఉండనే యుండెను. 1959లో మదరాసున జరిగిన భారత కార్మిక మహాసభ దీనిపై ఆలోచించిన పిమ్మట రెండు పట్టికలు సిద్ధమయ్యెను. గాలి, వెలుతురు, పారిశుద్ధ్యము, త్రాగునీరు, క్యాంటీను, పసిపిల్లల గది, ప్రమాద నివారణ, పండుగ సెలవుల సర్దుబాటు, ఇవి సమితికి తగినవి. జీతభత్యములు, బోనసు, పనివారి తొలగింపు, భవిష్యనిధి, ఇవి తగనివి. సంఘము హక్కునకు భంగము కలుగకుండుటకు ఈ హద్దు అవసరమే. కాని ఫలితమేమనగా, అనేక సమితులలో చర్చ టీ రుచిని దాటి ముందుకు పోలేదు. గజేంద్రగడ్కరు గారి అధ్యక్షతన 1966లో నియమితమైన జాతీయ కార్మిక కమిషను 1969లో సమర్పించిన నివేదికలో ఈ వైఫల్యమునకు చెప్పబడిన కారణములు పలువిధములు: సలహాకు బలము లేకపోవుట, విధులు స్పష్టముగా లేకపోవుట, సంఘముల మధ్య పోటీ, సంఘముల వ్యతిరేకత, యజమానుల వెనుకాట.

కొన్నిచోట్ల మాత్రము హద్దు విశాలమయ్యెను. జంషెడ్పూరు ఉక్కు కర్మాగారములో 1956లో టాటా యాజమాన్యమును కార్మిక సంఘమును చేసికొన్న ఒప్పందము మూడంతస్తుల సంప్రదింపునకు దారి తీసెను. శాఖకొక సమితి, కర్మాగారమునకొక సమితి, వానిపైన యాజమాన్యపు సలహా సమితి ఏర్పడెను. సంఘమే ఒప్పందములో భాగస్వామియగుటచే మదరాసు నాటి శంకకు ఇచ్చట తావు తక్కువయ్యెను. రెండవ పంచవర్ష ప్రణాళిక కాలమున ప్రభుత్వము ఒక అధ్యయన బృందమును ఐరోపా దేశములకు పంపి, 1958 నుండి సంయుక్త యాజమాన్య మండలులను ప్రోత్సహించెను. 1975 అక్టోబరులో అయిదువందలమంది లేక అంతకుమించిన పనివారున్న కర్మాగారములకును గనులకును షాపు కౌన్సిళ్ల పథకము వచ్చెను. 1976లో నలుబదిరెండవ సవరణ మూలమున రాజ్యాంగములో 43-ఎ అధికరణము చేరి, పరిశ్రమల నిర్వహణలో కార్మికుల భాగస్వామ్యము రాజ్యవిధానమునకు ఆదేశసూత్రమయ్యెను. కాని అది అత్యవసర పరిస్థితి కాలము. వెలుపల సమ్మెకు సంకెల వేసి లోపల పీట వేసినచో, ఆ పీటపై కూర్చుండినవాడు నోరు విప్పుటకు జంకుట సహజమే కదా!

పనివాని మాట వినకపోవుటవలన ఎంత హాని కలుగగలదో దేశమునకు తెలిపినది 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి. భోపాలులో యూనియన్ కార్బైడు కర్మాగారము నుండి మిథైల్ ఐసోసయనేటు వాయువు వెలువడి వేలాది ప్రజలు మరణించిరి. అంతకు మూడేండ్లకు ముందే, 1981లో, అదే కర్మాగారములో ఫాస్జీను వాయువు సోకి ఒక కార్మికుడు ప్రాణము విడిచెను. లోపల భద్రత సడలుచున్నదని పనివారి సంఘములు హెచ్చరించియుండెను. యంత్రము ఎక్కడ కారుచున్నదో, ఏ మర బిగియుట లేదో మొదట తెలియునది దాని చెంత నిలుచువానికే. ఆ తెలివి గోడ దాటి పోలేదు. విషము మాత్రము గోడ దాటెను.

ఆ విపత్తు తరువాత 1987లో కర్మాగారముల చట్టమును సవరించిరి. ప్రమాదకరమైన ప్రక్రియలు జరుగు కర్మాగారములలో యజమాని, పనివారి ప్రతినిధులు సమసంఖ్యలో నుండు భద్రతా సమితి తప్పనిసరి యయ్యెను. ఆసన్నమైన అపాయము కలదని తోచినపుడు ఆ సంగతిని నేరుగానైనను సమితిలోని ప్రతినిధుల ద్వారానైనను తెలుపు హక్కు పనివారికి లభించెను. క్యాంటీను మాటలకు పరిమితమైన సమితి ప్రాణరక్షణకు సాధనమైనది ఈ సవరణతోనే. అయినను చట్టము వ్రాసినంత మాత్రమున పని పూర్తికాదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నము చెంత ఆర్. ఆర్. వెంకటాపురములో స్టైరీను ఆవిరి ఊరిపై వ్యాపించి పలువురు మరణించిన దుర్ఘటనను మన మెవ్వరము మరువలేము.

స్త్రీల విషయమున మార్పు ఇంకను ఆలస్యముగా వచ్చెను. పనిచేయు చోట తమకు జరుగు అవమానమును పురుషులే కూర్చున్న సమితికి చెప్పుకొనుటకు ఏ స్త్రీ ముందుకు వచ్చును? 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఇట్టి ఫిర్యాదులు వినుటకు స్త్రీ అధ్యక్షతన, సగమునకు తగ్గక స్త్రీలే సభ్యులుగా నుండు సమితి కావలెనని చెప్పెను. 2013 నాటి చట్టము పదిమంది లేక అంతకుమించిన ఉద్యోగులున్న ప్రతి సంస్థకును దీనిని విధియొనర్చెను; వెలుపలి నుండి ఒక సభ్యుని చేర్చవలెననియు నిర్ణయించెను. ఎవరి కష్టము వినవలెనో వారే వినువారిలో ఉండవలెనను సూత్రము ఇందు స్పష్టమయ్యెను.

ఆ సూత్రమే 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతిలోనికి కొంత ప్రవేశించినది. నూరుగురు పనివారున్న చోట వర్క్స్ కమిటీని గూర్చిన ఏర్పాటు అందు నిలిచియున్నది. దానికి తోడు ఇరువదిమంది పనివారున్న ప్రతిచోట ఫిర్యాదుల పరిష్కార సమితి యుండవలెను. అందు సభ్యులు పదిమందికి మించరాదు, ఉభయపక్షములు సమానము. అధ్యక్ష పదవి ఏటేట ఒకమారు యజమాని పక్షమునకు, ఒకమారు పనివారి పక్షమునకు వచ్చును. పనివారిలో స్త్రీలు ఎంత పాలో సమితిలోను అంతకు తగ్గరాదు. 1957 నాటి నియమములతో పోల్చి చూచినచో ఎంత దూరము వచ్చితిమో తెలియును.

ఇంక వెలుపల నిలిచినవారెవరు? గుత్తేదారు క్రింద పనిచేయువారు, రాత్రి షిఫ్టువారు, అన్య రాష్ట్రముల నుండి వచ్చి ఇచ్చటి భాష రానివారు, చదువు తక్కువయని వెనుక నిలుచువారు. వీరే తరచుగా మిక్కిలి అపాయకరమైన పనిలో నుందురు. వీరికి పీట వేయుటకు పెద్ద ధనము అవసరము లేదు. ప్రతినిధులను రహస్య ఓటుచే ఎన్నుకొననిచ్చుట ఒకటి. మన సింగరేణి గనులలో 1998 నుండి గుర్తింపు సంఘమును రహస్య ఓటుచేతనే నిర్ణయించుచుండుట దీనికొక చక్కని తార్కాణము. ప్రతి శాఖకును, ప్రతి షిఫ్టుకును ప్రాతినిధ్యముండునట్లు చూచుట రెండవది. సమావేశమున రానున్న విషయములను ముందుగానే పనివారి భాషలో వ్రాసి తెలుపుట మూడవది. సమావేశమున ఏమి నిశ్చయించిరి, దానిలో ఏమి జరిగెను, ఏది జరుగలేదు, ఎందుచేత, అని నోటీసు బోర్డుపై అందరికిని తెలియునట్లు వ్రాయుట నాలుగవది. చెప్పిన మాటకు బదులు రానిచోట మనిషి రెండవమారు చెప్పడు. పనివారికి ఆసక్తి లేదని తరచుగా వినబడు నిందకు మూలము పెక్కుచోట్ల ఇదియే.

సమితిలో కూర్చుండువానికిని ఒక ధర్మము కలదు. అతడు తన మిత్రుల మాటనే కాక, తనకు ఓటు వేయనివారి మాటను, ఓటే లేనివారి మాటను కూడ అడిగి తెలిసికొని పోవలెను. యజమానియు ఒక సంగతి గుర్తింపవలెను. సమితిలో వినబడు ఫిర్యాదు అతనికి శత్రువు కాదు. కంచె ఊడిన యంత్రమును గూర్చి నేడు వినినచో, రేపు విరిగిన చేతిని గూర్చి వినవలసిన పని యుండదు.

నేటి సాయంకాలము మీ ఇంటివారు పని నుండి వచ్చి ఏదైన కొరతను గూర్చి చెప్పినపుడు, విని ఊరుకొనక ఒక్క ప్రశ్న అడుగుడు. “మీ చోట సమితి కలదా? అందు మీ పక్షమున ఎవరున్నారు? ఈ మాట వారికి చెప్పితిరా?” అని. పెరంబూరు పనివారు అన్నము తినుటకు మరికొన్ని నిమిషములు కావలెనని అడుగుటకు ఎంత పాటుపడవలసివచ్చెనో వింటిరి. వారు తెరచిన తలుపు గుండ నేడు మనము పోగలము. వెనుక నున్నవారికి కూడ దారి విడుచుట మన వంతు.